పాతర నిండిన ఏడు
(సూర్యాపేట తాలూకా కథ – 5వ భాగం)

కిందటి భాగంలో సర్వే గొలుసులు ఊరి పొలిమేరలు దాటి లోపలికి వచ్చిన కథ చెప్పుకున్నాం. 1853లో దివాన్ అయిన సాలార్‌జంగ్ శిస్తు వసూలు గుత్తను దేశ్‌ముఖుల చేతుల్లోంచి తీసేశాడు. జిల్లాలు, తాలూకాలు ఏర్పరిచి సర్కారు నౌకర్లను కూర్చోబెట్టాడు. పోయిన అధికారానికి బదులుగా దేశ్‌ముఖులకు, దేశ్‌పాండ్యాలకు ఏటా రుసుము ముట్టేట్టు చేశాడు. ఆ తర్వాత సర్వే వచ్చింది. దఫ్తరం చదవగలిగిందీ, గుమాస్తాతో మాట్లాడగలిగిందీ ఆ కుటుంబాలే. తాతల నాటి నుంచి ఎవరో దున్నుకుంటున్న చెలకలు, బంజర్లు, చెరువు కింది తరి మడులు వాళ్ల పేర్ల మీదికి ఎక్కాయి. దున్నే చెయ్యి అదే, ఎడ్లు అవే. కాగితం మీది పేరు మాత్రం మారింది. ఆ కాగితం రెండు తరాల తర్వాత ఊరిని ఏం చేసిందో ఈ భాగంలో చూద్దాం.

ఆత్మకూరు పేరు పక్కన ‘ఎస్’ ఎందుకుందో ఈ దిక్కు వాళ్లకు చెప్పనక్కర్లేదు. భువనగిరి వైపు ఇంకో ఆత్మకూరు ఉంది. అది మోత్కూరు ‘ఎం’, ఇది సూర్యాపేట ‘ఎస్’. ఆ ఒక్క అక్షరంలో పాత తాలూకా ఇంకా బతికే ఉంది. నైజాం కాలంలో ఆ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. కాలువ నీళ్ల మధ్య పుట్టిన ఇవాళ్టి పిల్లలకు ఆనాటి ఆత్మకూరు, నెమ్మికల్ నేలల్ని ఊహించుకోవడం కష్టం. చెరువు నిండితే దాని కింద కాస్త వరి. మిగతా అంతా వానమీద ఆధారపడ్డ చెలకే. జొన్న, సజ్జ తినడానికి. ఆముదాలు, పల్లికాయ అమ్ముకోవడానికి. పొద్దున అంబలి, మాపున గట్క. వరిబువ్వ పండుగకో పెళ్లికో. ఇట్లాంటి నేలమీద కరువు కొత్త చుట్టం కాదు. వాన తప్పిన ఏడు ఊరంతా కడుపు మాడ్చుకునేది. ఊరంతా అన్న మాట మీద కాసేపు ఆగుదాం. ఈ భాగం కథంతా ఆ మాట అబద్ధమైపోయిన తీరు గురించే.

ముందు లెక్క చూద్దాం. ఇదే తాలూకాలోని ఎర్రపహాడ్ దొర జన్నారెడ్డి ప్రతాపరెడ్డి. ఆయన కుటుంబం కింద లక్షా యాభై వేల ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో అచ్చయిన తన పుస్తకంలో రాశారు. జనగామ తాలూకా విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి 40,000 ఎకరాలు. సూర్యాపేట దేశ్‌ముఖ్‌కు 20,000. సుందరయ్య 1940ల్లో దొరల మీద సాగిన పోరాటంలో ఒక పక్షాన నిలబడ్డ మనిషి, నిజమే. అయినా తర్వాత రాసినవాళ్లు ఏ పక్షం వాళ్లయినా ఈ అంకెల్నే వాడుకుంటూ వచ్చారు. లక్షా యాభై వేల ఎకరాలంటే సుమారు 600 చదరపు కిలోమీటర్లు. అంతా ఒక్కచోట పరిస్తే ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు నడిచే మనిషికి పొద్దు గుంకేదాకా దొర నేలే. నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ జిల్లాలు మూడూ కలిపి 500 ఎకరాలకు మించి ఉన్న భూస్వాములు సుమారు 550 మంది. ఆ మూడు జిల్లాల సాగుభూమిలో 60 నుంచి 70 శాతం వాళ్లదేనని 1950–51 నాటి పాలనా నివేదిక ఆధారంగా చెబుతారు.

ఇంత నేలను ఒక కుటుంబం ఎట్లా దున్నుతుంది? దున్నదు. దున్నించుకుంటుంది.

తొలకరి పడగానే ఊరి నాగళ్లన్నీ ముందు దొర చెలకలోకి పోవాలి. పదును ఆరిపోయాక రైతు తన చెలకకు రావాలి. మెట్ట సేద్యంలో రెండు రోజులు ఆలస్యమైతే విత్తు మొలవదని ఎరిగినవాళ్లకు ఆ వెట్టి బరువు తెలుస్తుంది. అక్కడ పోయేది రెండు రోజుల కూలి కాదు, ఆ ఏటి పంట. మాదిగలు చెప్పులు, మోట తొండాలు కుట్టివ్వాలి. దొర కబురు పట్టుకుని పక్క ఊరికి పరుగెత్తాలి. చాకళ్లు బట్టలుతకాలి, దొర ఉండే గడికి నీళ్లు మోయాలి. కుమ్మరి కుండలు, గౌండ్ల కల్లు, గొల్లల గొర్రెపిల్ల, సాలెల బట్ట ఏదీ పైసలకు పోయేది కాదు. కోమటి కొట్లోంచి కూడా సామాను గడికి ఊరకే వెళ్లేది. గిర్దావరు వచ్చినా, అమీను వచ్చినా గడిలోనే బస. కోళ్లు, నెయ్యి, ఎడ్లబండ్లు ఊరి మీద. దొర కూతురు అత్తవారింటికి పోతుంటే వెంట ఒక ఆడపిల్లను ‘ఆడబాప’గా పంపేవాళ్లు. ఆ పిల్లకు తన పెళ్లి ఉండదు, తన ఇల్లు ఉండదు. వెట్టి గురించి రాసేటప్పుడు కుండలు, చెప్పుల లెక్క రాసి ఆడబాపల ముచ్చట వదిలేయడం మనవాళ్లకు అలవాటయింది. అది తప్పు. ఊరికి అన్నిటికంటే లోతుగా దిగిన గాయం అదే.

వెట్టి పాతదే కదా, మరి 1940ల్లోనే ఊళ్లు ఎందుకు లేచాయి? నన్ను చాలామంది అడిగిన ప్రశ్న ఇది. పేదరికం ఒక్కటే మనుషుల్ని తిరగబడేట్టు చేస్తే ఈ నేల ప్రతి పదేళ్లకూ తిరగబడి ఉండాలి. నా మట్టుకు నాకు తోచేది ఇది. తన కడుపు ఎండడాన్ని మనిషి ఏళ్ల తరబడి ఓర్చుకుంటాడు. తన కడుపు ఎండడానికీ పక్కవాడి పాతర నిండడానికీ మధ్య ఉన్న దారి కళ్లారా చూసిన రోజున ఓర్వలేడు. ఆ దారి 1930 నుంచి 1945 లోపు అందరికీ కనపడింది.

మొదటి దెబ్బ ధరలది. 1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యం నల్లగొండ చెలకల దాకా వచ్చింది. ఆముదాలు, పల్లికాయ విదేశాలకు ఎగుమతయ్యే సరుకులు. బొంబాయిలో ధర పడితే ఇక్కడి అంగట్లో కూడా పడింది. శిస్తు మాత్రం పడలేదు. అది రొక్కంగా కట్టాలి. గింజలు అమ్మితే రొక్కం చాలదు, కనుక అప్పు. అప్పు దొర దగ్గరో షావుకారి దగ్గరో. తిండిగింజలు తెచ్చుకుంటే ‘నాగు’: ఒక పుట్టి తెస్తే కల్లంలో పుట్టిన్నర కొలవాలి. రెండేళ్లు వరసగా వాన తప్పితే నాగు మీద నాగు పెరిగి చెలక పోతుంది. చెలక పోయినవాడు అదే చెలకలో కౌలుదారవుతాడు. కౌలు కట్టలేనివాడు జీతగాడవుతాడు. జీతగాడు పెళ్లికో చావుకో పదో ఇరవయ్యో రూపాయలు తీసుకుంటే భాగేలా అవుతాడు. అప్పు తీరేదాకా దొర ఇంట్లో చాకిరి. తీరకుండానే చస్తే కొడుకు ఆ కొట్టంలోకే వస్తాడు. రైతుగా పుట్టి భాగేలాగా చచ్చినవాళ్లు ఒకే తరంలో ఉన్నారు. మాంద్యం తెచ్చిన మార్పు అదే. పేదవాడు పేదవాడిగానే ఉండిపోవడం వేరు, ఉన్నవాడు కళ్లముందే దిగజారుతుంటే ఆ నేలంతా ఒకే గుమ్మం ముందుకు నడిచిపోవడం వేరు.

సర్కారుకు తెలియదా అంటే తెలుసు. 1936లో భాగేలా ఒప్పందాల మీద ఒక శాసనం తెచ్చింది. కౌలుదారుల స్థితి చూడ్డానికి ఆ తర్వాత ఒక కమిటీ వేసింది. 1945లో ఆసామీ షిక్మీ చట్టం వచ్చింది. కొన్నేళ్లుగా సాగులో ఉన్న కౌలుదారుకు హక్కు ఇస్తామన్నది దాని సారం. చట్టం వస్తోందని కౌలుదారుకు తెలిసేలోపే పట్టాదారుకు తెలిసింది. హక్కు పుట్టకముందే మనిషిని నేల మీద నుంచి దింపేస్తే సరిపోయింది. సాగులో ఎవరున్నారో రాసేది పట్వారీ. ఆ పట్వారీ కూర్చునేది గడి అరుగు మీద. రాసేది ఊరివాళ్లకు రాని ఉర్దూలో. ఈ ముచ్చట పాతబడిపోయిందని అనుకోకండి. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలు పట్టాదారు చేతికి వచ్చాయి. అదే చెలకను కౌలుకు దున్నే మనిషి పేరు ఆ జాబితాలో లేదు. కాగితానికీ నాగలికీ మధ్య ఎడం అంత పాతది, అంత మొండిది.

కోర్టు తలుపు కొడితే ఏమవుతుందో కూడా ఈ దిక్కు జనం చూశారు. సూర్యాపేట నుంచి జనగామ పోయే దారిలో కామారెడ్డిగూడెం వస్తుంది. ఆ ఊరి షేక్ బందగీ చిన్న రైతు. విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్న సొంత అన్నతో భూమి తగాదా వచ్చి ఏళ్లకేళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు. ఓడిపోయి ఉంటే కథ అక్కడితో ముగిసేదేమో. ఆయన గెలవబోయాడు. 1941లో దొర మనుషులు ఆయన్ని నరికి చంపారు. ఆయన సమాధి దగ్గర ఇప్పటికీ ఏటా జనం కూడతారు. బందగీ ముసల్మాను, రాజ్యమేలేది ముసల్మాను ప్రభువు, చంపించినవాడు హిందూ దొర. ఈ కథను మతాల కథగా చెప్పాలని చూసేవాళ్లు ఆ సమాధి దగ్గర ఒక్కసారి ఆగి చూడాలి. న్యాయం దక్కే దారి ఒకటుందన్న నమ్మకం ఆ రోజున చాలా ఊళ్లలో చచ్చిపోయింది.

పైన ఎవరున్నారో కూడా చెప్పుకోవాలి. 1937 ఫిబ్రవరిలో అమెరికా పత్రిక ‘టైమ్’ తన అట్ట మీద నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బొమ్మ వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. రాజ్యంలో పదో వంతు నేల ఆయన సొంత ఖర్చులకు రాసిపెట్టిన సర్ఫెఖాస్. మరో మూడు వంతులు జాగీర్దార్లది. మిగతా ఆరు వంతుల దివాణీ నేల మీద ఇదిగో ఈ దేశ్‌ముఖులు. లోకంలోకెల్లా ధనవంతుడి రాజ్యంలో ఒక మాదిగ పిల్లవాడు పది రూపాయల అప్పుకు జీవితాంతం కొట్టంలో పడుకున్నాడు.

ఇంతలో ఒక గాలి తూర్పు నుంచి వచ్చింది. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో మునగాల పరగణా ఉంది. చుట్టూ నైజాం రాజ్యమే, అది మాత్రం ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాలోది. నడి సముద్రంలో దీవిలాంటిది. దాని జమీందారు నాయని వేంకట రంగారావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి అండగా నిలబడ్డ మనిషి. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. తెలుగు పుస్తకానికి వాళ్లిద్దరూ చేసిన సేవ మనం మరిచిపోకూడనిది. అదే పరగణాలో వెట్టి కూడా ఉంది, జమీందారు మీద రైతులు చేసిన పోరాటమూ ఉంది. ఆ పోరాటం 1930లలోనే రాజుకుంది. నైజాంలో చదవనివ్వని పత్రికలు ఇక్కడ చదవొచ్చు. ఇక్కడ విన్న మాట సంతకు పోయినవాడి నోట సూర్యాపేట చేరేది. బెజవాడ రోడ్డు సరుకులతో పాటు మాటల్నీ మోసింది.

కోదాడ దగ్గరి చిలుకూరులో 1941లో ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైనప్పుడు ఆ సభ చదువుకున్న పెద్దమనుషులది. తెలుగు బడులు కావాలి, గ్రంథాలయాలు కావాలి అని అడిగేది. పదేళ్లకు అందులోకి పల్లె వచ్చింది. పల్లెతో పాటు తగాదా వచ్చింది. వినతిపత్రాలతో, మెల్లగా పోదామనే మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావుల వాళ్లు ఒక దిక్కు. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి ఇంకో దిక్కు. మాడపాటివారిని మెత్తని మనిషని తేలిక చేయడం న్యాయం కాదు. వెట్టి మాట పైకెత్తడానికే గుండె కావలసిన రోజుల్లో ఆయన ఎత్తారు. కానీ 1944 నాటికి వినతిపత్రాల ఓపిక ఊరికి అయిపోయింది. ఆ ఏడు భువనగిరి సభలో రెండు దిక్కులూ విడిపోయాయి. సభ్యత్వ రుసుము తగ్గింది. డబ్బు కట్టినవాడికి చీటీ ఇస్తారు కనుక పల్లెల్లో దాన్ని చీటీల సంఘం అన్నారు. రానురాను ఒట్టి ‘సంఘం’ అయింది.

ఇంకో పోటీ ఊరి లోపలే ఉంది. దొరల మీదికి లేచినవాళ్లను నడిపింది ఏమీ లేనివాళ్లే అనుకుంటే పొరపాటు. రావి నారాయణరెడ్డిది భూములున్న కుటుంబం. తుంగతుర్తి దగ్గర కరివిరాల కొత్తగూడెం భీమిరెడ్డివాళ్లదీ అంతే. ఆ ఇంటి కొడుకు భీమిరెడ్డి నరసింహారెడ్డి తర్వాత దళాలు నడిపాడు. ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం పదకొండేళ్ల వయసులోనే తమ పొలంలో పనిచేసినవాళ్లకు ఇంటి కట్టడి కాదని గింజలు కొలిచి ఇచ్చింది. ఆమె చెబితే వినాల్సిన ముచ్చట అది. ముసలితనంలోనూ ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో వణుకుండేది కాదు. నడిమి రైతులు, చిన్న దొరల ఇళ్ల పిల్లలు ఎందుకు ఇటు వచ్చారు? కొందరు మనసు ఒప్పక వచ్చారు. కొందరిని పెద్ద గడి తోసింది. ఒకరి నేల అట్లా పెరుగుతూ పోతే పక్కనున్న వంద ఎకరాలవాడికి కూడా భద్రం లేదు. అంతరం ఒక హద్దు దాటాక కింద ఉన్నవాళ్లే కాక నడుమ ఉన్నవాళ్లు కూడా గద్దెను వదిలేస్తారు. గడి లెక్క తప్పింది అక్కడే.

ఇక యుద్ధం. 1942 మార్చిలో జపానువాళ్లు రంగూన్ పట్టుకున్నారు. బర్మా బియ్యం ఆగిపోయింది. మరుసటి ఏడు బెంగాల్లో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. నైజాం సర్కారు పట్నాల కోసం, పటాలాల కోసం పల్లెల నుంచి లెవీ ధాన్యం వసూలు చేయడం మొదలుపెట్టింది. పద్ధతి కాగితం మీద న్యాయంగానే కనపడుతుంది. ఎంత పండించినవాడు అంతకు తగ్గట్టు, సర్కారు కట్టిన ధరకు, గింజలు అమ్మాలి.

ఊళ్లో అది నడిచిన తీరు వేరు. పంట అంచనా పట్వారీ రాస్తాడు. వేల ఎకరాల దొర కల్లంలోకి కొలపాత్ర పట్టుకుని పోయే ధైర్యం ఏ గిర్దావరుకూ లేదు. దొర వాటా తగ్గితే తాలూకా లెక్క పూడ్చాలి కదా? అది అయిదెకరాలవాడి మీద పడుతుంది. కల్లం మీదనే సర్కారు మనిషి నిలబడి ఉంటాడు. విత్తనాలు, తిండి తీసుకోకముందే లెవీ కొలవాలి. లేకపోతే బండి, ఎడ్లు, ఇంట్లో గిన్నెలు జప్తు. కొందరు అంగట్లో ఎక్కువ ధరకు కొని, సర్కారుకు తక్కువ ధరకు కొలిచిచ్చారు. ఆ గింజల్ని తాలూకా గోదాముకు తోలే బండి కూడా వెట్టి బండే.

దొర పాతరలో ఏముంది? పాతర అంటే ఎరగనివాళ్లకు చెబుతాను. గట్టి నేలలో లోతుగా గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజ పోసి, పైన మట్టి కప్పుతారు. గాలి తగలదు కనుక జొన్న ఏళ్ల తరబడి ఆగుతుంది. కరువుకు దాచుకునే తెలివైన ఏర్పాటు అది. పెద్ద కరువుల్లో పాత దొరలు పాతర తీసి గింజ పంచిన సందర్భాలూ ఉన్నాయి, నాగుకైనా సరే. దొరను జనం ఓర్చుకున్నది కొంతవరకు ఆ ఆశ మీదనే: చచ్చే రోజు వస్తే పాతర మూత తీస్తాడని. యుద్ధకాలంలో పాతర తీయకపోతేనే లాభం. ఈ నెల కంటే వచ్చే నెల ధర ఎక్కువ. మూత రాత్రిపూట తీస్తారు, బండ్లు చీకట్లో పోతాయి, గింజలు దొంగబజారుకు చేరతాయి. ఆ గింజ నింపింది వెట్టిచేతులే. మూత తీసింది, బండి ఎక్కించింది కూడా ఆ చేతులే. ఎంత గింజ ఉందో, ఎటు పోయిందో ఊళ్లో అందరికంటే బాగా తెలిసింది ఇంట్లో పొయ్యి రాజని మనిషికే.

సంఘం ఆ ఏళ్లలో అడిగిన మాట చిన్నది. లెవీ ముందు దొర దగ్గర కొలవండి, తర్వాత మా దగ్గరికి రండి. భూమి పంచమని ఎవరూ అనలేదింకా. నిజాం దిగిపోవాలనీ అనలేదు. వెట్టి ఆపండి, అక్రమ వసూళ్లు ఆపండి, కౌలుదార్లను దింపకండి. ఇవన్నీ సర్కారు తన శాసనాల్లో ఒప్పుకున్నవే. రాజ్యం తన మాట తాను నిలబెట్టుకుంటే చాలన్నంత మెత్తటి కోరిక అది. దానికి వచ్చిన జవాబు కేసులు, లాఠీలు, గడి గూండాలు. 1944, 1945లో ఈ తాలూకాలో జరిగినదాన్ని చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఎన్ని చోట్ల ఆగి ఉండొచ్చు! ఒక్క కల్లం దగ్గర గిర్దావరు ధైర్యం చేసి దొర గింజ కొలిచి ఉంటే, ఆ ఊరివరకైనా మాట ఇంకో దారిన నడిచేది.

ఆ రోజుల్లో ఊళ్లో జరిగిన మార్పులు బయటివాళ్ల కంటికి ఆనేవి కావు. గడి ముందునుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకునే మనిషి చెప్పులు వేసుకునే పోయాడు. ‘నీ బాంచెన్ దొరా’ అనే చోట ఊరకే నిలబడ్డాడు. వెట్టికి పిలిచిన మస్కూరి ఒట్టి చేతులతో తిరిగిపోయాడు. రాత్రిళ్లు సంఘం గుడిసెలో కందిలి కింద చీటీలు రాసేవాళ్లు. పక్కన గుత్పలు చెక్కుతుండేవాళ్లు. ఆడవాళ్లు ఒడిసెలకు రాళ్లు, రోకళ్లు, కారప్పొడి సిద్ధం చేసి పెట్టుకున్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన నాలుగెకరాల పంటను విసునూరు మనుషులకు దక్కనివ్వలేదన్న కబురు వడ్లగింజతో పాటే ఊరూరూ తిరిగింది. చాకలి మనిషి, ఆడమనిషి, కల్లం మీద నిలబడి గెలిచింది.

1946 వచ్చింది. బెంగాల్లో పాలికాపులు పంటలో మూడింట రెండు వంతులు మావేనని తెభాగా ఉద్యమం లేపింది ఆ ఏడే. తిరువాన్కూరులో పున్నప్ర–వయలార్ దగ్గర కూలీల మీద తుపాకులు పేలింది ఆ ఏడు అక్టోబరులోనే. ఒకరి మాట ఒకరికి రాని మూడు చోట్ల ఒకే ఏడు నేల కదిలింది. మూడు చోట్లా యుద్ధం గింజ ధరను పెంచింది, పెరిగిన ధర మూడు చోట్లా ఒక్క ఇంటికే చేరింది.

జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో ఊరేగింపు బయల్దేరింది. ముందు వరసలో దొడ్డి కొమరయ్య ఉన్నాడు. గడి మేడ మీద తుపాకులున్నాయి. ఆ పగలు ఏం జరిగిందో, ఆ చలికాలం నాటికి బాలెంల, పాత సూర్యాపేట, హుజూర్‌నగర్ దిక్కున మల్లారెడ్డిగూడెం ఎట్లా రణరంగాలయ్యాయో, ఎర్రపహాడ్ పాతరల మూతలు చివరికి ఎవరు తీశారో వచ్చే భాగంలో.